యుద్ధం, సైనికుడు: ఫీల్డ్ మార్షల్ స్లిమ్ అనుభవం సరిదిద్దే అపోహలు

పదాతిదళంలో పనిచేసి, తరువాత యువ అధికారులకు పాఠాలు చెప్పిన నాకు కొన్ని అపోహలు పదేపదే ఎదురయ్యాయి. వాటిని సరిదిద్దడానికి నేను ఎక్కువగా ఆశ్రయించేది 1942లో జపాన్ చేతిలో ఓడి బర్మా నుంచి ఇంఫాల్ వరకు వెనుదిరిగిన దళాలను నడిపించి, 1945లో 14వ సైన్యంతో బర్మాలోని మాండలే, మెయిక్తిలా పట్టణాలను గెలిచిన బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ అనుభవాన్ని. ఆ సైన్యంలో అత్యధికులు భారతీయులు. ఆ యుద్ధం మనకు దూరమైనదీ కాదు: 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి, బర్మాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలెన్నో ఆ నెలల్లోనే సర్వం వదులుకుని కట్టుబట్టలతో తరలివచ్చాయి.

అపోహ: సైన్యాన్ని క్షీణింపజేసేది శత్రువు తూటాయే.

వాస్తవం: 1943లో బర్మా యుద్ధరంగంలో గాయపడి ఆసుపత్రికి చేరిన ఒక్కొక్కరికి జబ్బుపడి తరలిన వారు 120 మంది. మలేరియా ఒక్కటే ఏడాదికి మొత్తం బలంలో 84 శాతాన్ని పట్టి పీడించే స్థాయిలో ఉండేది. రోగులను వందల మైళ్ల దూరానికి పంపితే తిరిగి రావడానికి నెలలు పట్టేది కనుక, యుద్ధరేఖకు కొద్ది మైళ్లలోనే చికిత్సా కేంద్రాలు పెట్టించి దానిని వారాలకు తగ్గించారు. అయినా రోగంపై పోరులో సగానికి పైగా భారం వైద్యులది కాదనీ, పల్టన్ (బెటాలియన్) అధికారులదేననీ స్లిమ్ గట్టిగా నమ్మారు. మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్ర పుంసత్వాన్ని హరిస్తుందన్న పుకారుతో జవాన్లు దానిని మింగకుండా తప్పించుకునేవారు. ఆయన ముందుగా చెప్పకుండా ఒక్కో పల్టన్‌లో ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయించి, మాత్ర ఆనవాళ్లు 95 శాతం మందిలోనైనా కనిపించకపోతే ఆ పల్టన్ కమాండర్‌ను తొలగించేవారు. ముగ్గురిని తొలగించేసరికి మిగిలినవారికి విషయం బోధపడింది. మొత్తం యుద్ధంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న నిర్ణయం ఇదే.

అపోహ: యుద్ధాలను గెలిపించేది ఏరికోరి కూర్చిన ప్రత్యేక దళాలే.

వాస్తవం: మెరికల్లాంటి వారినందరినీ అలా ఏరుకుంటే సాధారణ పల్టన్లు డొల్లబారతాయనీ, గెలుపు వాటి సగటు నాణ్యతపైనే ఆధారపడుతుందనీ స్లిమ్ అభిప్రాయం. నాదీ అదే.

అపోహ: తక్కువ బలంతో ఎక్కువ బలాన్ని ఢీకొనడమే వీరత్వం.

వాస్తవం: జపాన్ సైనికుణ్ణి అడవిలో ఓడించలేమన్న భయాన్ని పోగొట్టడానికి స్లిమ్ మొదట చిన్న చిన్న గస్తీలను పంపి విజయం రుచి చూపించారు. ఆ తరువాత ముప్పై, నలభై మంది ఉండే ఒక ప్లాటూన్‌పై వందలమంది ఉండే పూర్తి బెటాలియన్‌ను, కొన్ని ప్లాటూన్లతో కూడిన ఒక కంపెనీపై కొన్ని బెటాలియన్లతో కూడిన బ్రిగేడ్‌ను ఫిరంగుల అండతో ప్రయోగించారు. ఆ దశలో ఓటమిని భరించే శక్తి తన సైన్యానికి లేదని ఆయనకు తెలుసు.

అపోహ: మనోస్థైర్యం ఆవేశపూరిత ప్రసంగాలతో పెరుగుతుంది.

వాస్తవం: ఆయన జవాన్లతో మాట్లాడేటప్పుడు ముందు తిండి, జీతం, సెలవు, ఉత్తరాల సంగతి తేల్చేవారు. ముందు వరుస దళాలకు సగం రేషన్ అందిన రోజుల్లో తన ప్రధాన కార్యాలయానికీ సగమే ఇప్పించేవారు.

అపోహ: గొప్ప సేనాని పొరపాటు పడడు.

వాస్తవం: 1944లో నాగా కొండల్లోని కోహిమాపైకి జపాన్ బలగం ఒక రెజిమెంటు మించి రాదని స్లిమ్ అంచనా వేశారు, వచ్చింది అలాంటి రెజిమెంట్లు కొన్ని కలిసిన దాదాపు ఒక పూర్తి డివిజన్. భారత సైన్యపు అస్సాం రెజిమెంటు, బ్రిటిష్ సైన్యపు రాయల్ వెస్ట్ కెంట్ జవాన్లతో కూడిన చిన్న దళం ఏప్రిల్‌లో దాదాపు రెండు వారాలు ఆ ముట్టడిని తట్టుకుని నిలిచింది. ఆ అంచనా తనదేననీ, దాని ఫలితాల నుంచి తనను కాపాడింది కింది కమాండర్లూ సైనికులేననీ యుద్ధానంతరం ఆయనే రాశారు.