అడవి కాపలా నుంచి మొక్కల లెక్కకు

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో వానలు మొదలవగానే పాత వాదన మళ్లీ లేచింది. అడవిని కాపాడతామంటూ స్వచ్ఛంద సంస్థలు తెస్తున్న డబ్బు ఎటు పోతోంది? వన సంరక్షణ సమితులు, ప్రపంచ బ్యాంకు అటవీ పథకం, పోడు తగాదాలు అందరికీ తెలిసినవే. నేటి గొడవకు అసలు మూలం 2020 సెప్టెంబరు.

అప్పటి వరకు పెద్ద సంస్థలు విదేశీ విరాళాలు తెచ్చి, కొండ ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకు పంచేవి. విదేశీ విరాళాల చట్టానికి ఆ నెలలో చేసిన సవరణ అలా పంచడాన్ని నిషేధించింది. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. చేతులు మారితే సొమ్ము జాడ దొరకదన్నది ప్రభుత్వ వాదన. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది.

దెబ్బ తగిలింది కంటికి కనిపించని పనికి. వేసవిలో మంటలు లేవకుండా కాపలా కాయాలి. ఒక కొండవాలుకు కొన్నేళ్లు పశువులను తోలకుండా ఊరిని ఒప్పించాలి. నరికిన మోళ్ల నుంచి లేచే పిలకల్లో బలమైనవి ఉంచి మిగిలినవి తీసేయాలి. అడవిపై ఊరంతటికీ కలిపి ఇచ్చే సామూహిక అటవీ హక్కుల దరఖాస్తుకు గ్రామసభను సిద్ధం చేయాలి. వేరు బతికి ఉన్నచోట కొత్త మొక్క కన్నా ఈ కాపలాయే త్వరగా అడవిని తిరిగి తెస్తుంది.

ఆ ఖాళీలోకి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు వచ్చాయి. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలన్నది 2013 కంపెనీల చట్టం. 2021 జనవరి నుంచి గడువులు బిగిశాయి. కొనసాగే ప్రాజెక్టుకైనా మొదలైన ఏడాది కాక మూడేళ్లే గడువు. తాము పైసా పైసాకూ లెక్క చూపాలని కంపెనీలు అంటాయి. ఆ లెక్కకు సులువుగా అందేది మొక్కల సంఖ్య.

ఆ మొక్కలు నాటేది ఎక్కడ? సవర గిరిజనులు చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు సేకరించుకునే చోట, హక్కుపత్రం కోసం ఎదురుచూస్తున్న పోడు చెక్కల్లో నాటితే ఊరు ఎందుకు ఊరుకుంటుంది? అడవిని కాపాడే అధికారాన్ని 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అటవీ హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. కాపలా మనిషికి కూలి ఎవరివ్వాలో మాత్రం ఆ సెక్షన్ చెప్పలేదు. కనుక గుంతలు తవ్వకముందే ఒప్పందాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. ప్రాజెక్టు గడువు ముగిశాక కాపలా ఖర్చు ఎవరిదో అందులో రాసి ఉండాలి.