నెల తప్పాక స్కానింగ్‌లో "సిస్టు" అని రాస్తే: అపోహలు - వాస్తవాలు

ఆరో వారంలో స్కానింగ్ తీయించుకుని, రిపోర్టులో కుడి అండాశయంలో సిస్టు, అంటే నీటి తిత్తి, అని చూసి ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు మా కోనసీమలో చాలామందే ఉంటారండి. గైనకాలజిస్టుగా నేను ఎక్కువసార్లు చెప్పే మాట ఇదే, అందుకే రాస్తున్నా.

అపోహ: అది గడ్డ, తీయించేయాలి.

వాస్తవం: చాలాసార్లు అది కార్పస్ ల్యూటియం అండి. అండం విడుదలయ్యాక మిగిలిన తిత్తే పసుపు రంగు గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది, ఆ హార్మోనే గర్భసంచి లోపలి పొరని పిండం అంటుకునేలా సిద్ధం చేసి, సంచి బిగుసుకోకుండా చూస్తుంది. గర్భం రాకపోతే సుమారు 14 రోజుల్లో వాడిపోతుంది, నెలసరి వచ్చేస్తుంది. గర్భం వస్తే హెచ్‌సీజీ, అంటే టెస్టు కిట్‌లో రెండో గీత తెప్పించే హార్మోనే, దాన్ని వాడిపోకుండా నిలబెడుతుంది. కాలవకి నీళ్లు వదలడం ఆలస్యమైతే మనోళ్లు బోరు నీళ్లతో నారుమడి కాపాడుకుంటారు కదా, ఇదీ అంతే, మాయ (ప్లాసెంటా) అందుకునేదాకా ఈ గ్రంథే ఆధారం. 7-9 వారాల మధ్య ఆ పని మాయ చేతికి వెళ్తుంది. 1970ల్లో చాపో అనే శాస్త్రవేత్త చూపించింది కూడా ఇదే, 7 వారాల లోపు ఆ గ్రంథి తీసేస్తే గర్భం నిలవలేదు, 9 దాటాక తీస్తే నిలిచింది. ఆ సిస్టు కూడా చాలామందికి నాలుగో నెలకల్లా దానంతటదే కరిగిపోతుంది.

అపోహ: ప్రొజెస్టిరాన్ మాత్రలు అందరూ వేసుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. 2019లో వచ్చిన ప్రిజమ్ అనే పెద్ద అధ్యయనంలో, ముందు గర్భస్రావాలు అయ్యి ఇప్పుడు మళ్లీ బ్లీడింగ్ కనిపించినవాళ్లకే మేలు కనబడింది. కొన్ని ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ) పద్ధతుల్లో అసలు ఈ గ్రంథే తయారవదు, వాళ్లు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు.

అపోహ: మంచం దిగకూడదు.

వాస్తవం: పడుకున్నంత మాత్రాన హార్మోన్ పెరగదండి. తొలినాళ్ల గర్భస్రావాల్లో సగానికి పైగా క్రోమోజోముల తేడా వల్లే, మెట్లెక్కినందుకు కాదు, కోడల్ని తిట్టకండి.

అయితే ఒక్కసారిగా పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే సిస్టు పగలడమో, అండాశయం మెలిపడడమో, గర్భం ట్యూబులో ఉండడమో కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ తప్పనిసరైతే ఎన్నో వారమో ముందే చెప్పండి, 10 వారాల లోపు ఆ గ్రంథి తీయాల్సి వస్తే ప్రొజెస్టిరాన్ బయట్నుంచి ఇవ్వాలి.