సీసాకు లెక్క ఉంది, చికిత్సకు వచ్చిన మనిషికి ఏది?

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసిన మా చిన్న మావయ్య తాగుడు మానడం కోసం మూడుసార్లు చికిత్స తీసుకున్నాడు. మొదటిసారి ఆయన వెళ్లలేదు, మేమే మోసుకెళ్లాం. రెండు రోజులు మందు ముట్టకపోయేసరికి చేతులు వణికి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆసుపత్రి కేస్ షీట్ మీద ఫిట్స్ అనే రాశారు, తాగుడు మాట ఎక్కడా లేదు. రెండోసారి విజయవాడ శివార్లలో ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లో నెల రోజులు ఉంచాం. అక్కడినుంచి వచ్చేటప్పుడు మా చేతికి ఇచ్చిన కాగితం డబ్బు కట్టిన రసీదు ఒక్కటే. మూడోసారి ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ రాయించుకుని, అత్త తోడు రాగా నాలుగు నెలలు మందులు వాడాడు. ఆ చీటీ ఇప్పటికీ అత్త బీరువాలో ఉంది.

మద్యం, మత్తుమందుల చికిత్స గురించి దేశం మొత్తానికి చెప్పే అంకెలు చూసినప్పుడల్లా నాకు ఈ మూడు ప్రయాణాలు గుర్తొస్తాయి. ఆ అంకెల్లో మావయ్య ముగ్గురా? ఒక్కడా? లేక అసలు లేడా?

మన దగ్గరున్న పెద్ద లెక్క 2019 ఫిబ్రవరిలో వచ్చింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్యాల చికిత్స కేంద్రం చేసిన సర్వే అది. 186 జిల్లాల్లో రెండు లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, 10 నుంచి 75 ఏళ్ల వయసున్న 4,73,569 మందితో మాట్లాడారు. దేశంలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి ఏదో ఒక సాయం కావాల్సిన స్థితి ఉందని తేలింది. పూర్తిగా బానిసలైనవారు దాదాపు 2.9 కోట్లు. తాగుడు వల్ల జబ్బు స్థాయికి చేరినవారు జనాభాలో 10 శాతం దాటిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ అంకెలన్నీ అప్పట్లో పేపర్లలో వచ్చాయి. నన్ను ఆపేసిన అంకె వేరు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరు.

ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో గమనించాలి. ఏ ఆసుపత్రి రిజిస్టరులోనుంచీ రాలేదు. ఇంటి తలుపు తట్టి, ‘ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా’ అని తాగేవాళ్లనే అడిగితే వచ్చింది. చికిత్స ఇచ్చేవాళ్లు ఎందరికి ఇచ్చారో చెబితే తెలియాల్సిన సంగతి ఇది. దాన్ని తీసుకున్నవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడి తెలుసుకోవాల్సి వచ్చింది. ఎందుకిలా అయిందో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. గంజాయి, నల్లమందు, హెరాయిన్ లాంటివాటి మీద కఠిన శిక్షలు పెట్టిన చట్టం అనే అందరికీ తెలుసు. దాని 71వ సెక్షన్ మాత్రం బానిసలను గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 1985-86లోనే కేంద్ర సంక్షేమ శాఖ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి డీఅడిక్షన్ కేంద్రాలు నడిపించే పథకం మొదలుపెట్టింది. ఆ శాఖ పనే ఇప్పుడు సామాజిక న్యాయ శాఖ చేతిలో ఉంది. ఆ తర్వాత 1987-88లో ఆరోగ్య శాఖ తన సొంత కార్యక్రమం ప్రారంభించి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వార్డులు పెట్టింది. ఒకే జబ్బుకు రెండు శాఖలు, రెండు దస్త్రాలు. ఒక శాఖ రాసుకునేది లబ్ధిదారుల సంఖ్య, ఎందుకంటే అది గ్రాంటు ఇచ్చే శాఖ. రెండోది రాసుకునేది రోగుల సంఖ్య. ఒకే మనిషి ఈ ఏడాది ఎన్‌జీవో సెంటర్లో చేరి, వచ్చే ఏడాది ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే అతను రెండు పుస్తకాల్లో ఇద్దరు మనుషులవుతాడు.

ఇవి చాలనట్టు మూడో దారి కూడా ఉంది. అదే ప్రైవేటు సెంటర్లు. 2018 మే నెలలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. కాబట్టి వాటికి చికిత్స చేసే సెంటర్లు రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్టరు కావాలి. మేం మావయ్యను చేర్చిన సెంటరుకు ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలని కూడా మాకు అప్పుడు తెలియదు. టెన్షన్‌లో ఉన్న కుటుంబం అడిగేది ఒక్కటే, ‘బెడ్ ఉందా?’

చికిత్సకు వచ్చినవాళ్ల లెక్క రాసే ప్రయత్నం ఒకసారి గట్టిగానే జరిగింది. 2000-01లో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల విభాగంతో కలిసి చేసిన జాతీయ సర్వే ఫలితాలు 2004లో వచ్చాయి. ఇళ్లకు వెళ్లి అడిగిన భాగంలో 12 నుంచి 60 ఏళ్ల మగవాళ్లనే అడిగారు, దాదాపు 40 వేల మందిని. వారిలో 21.4 శాతం తాగుతున్నామన్నారు. దానితోపాటే చికిత్స కేంద్రాలకు కొత్తగా వచ్చిన సుమారు 17 వేల మంది వివరాలూ నమోదు చేశారు. వారిలో దాదాపు 44 శాతం మద్యం కోసమే వచ్చారు. ఎవరు వస్తున్నారు, దేని కోసం వస్తున్నారు అన్నది ఇంటి సర్వే చెప్పలేని సంగతి. దాన్ని ఏటా అదే పద్ధతిలో సేకరించి ప్రచురించి ఉంటే ఈపాటికి మనకు ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర చేతిలో ఉండేది. ఇప్పుడు ఆ పాత అంకెలను 2019 అంకెల పక్కన పెట్టి చూడటం కూడా కష్టం. అప్పుడు ఆడవాళ్లను అడగలేదు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ కలిసి ఉంది.

మధ్యలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవాళ్లలో 4.6 శాతం మందికి మద్యం సమస్య ఉందని, వారిలో 86 శాతం మందికి చికిత్స అందడం లేదని చెప్పింది. 38 మందిలో ఒకరు అన్న లెక్క ప్రకారమైతే అందనివారు 97 శాతం. ఏది నిజం అని అడిగేవాళ్లుంటారు. ఎవరిని రోగిగా లెక్కించారు, ప్రశ్న ఎలా అడిగారు అన్న తేడాలు రెండిటి మధ్యా ఉన్నాయి. పైగా నిమ్‌హాన్స్ వెళ్లిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 23.3 శాతం మంది, ఆడవాళ్లలో 0.5 శాతం మంది తాగుతున్నారని చెబుతుంది. అది తాగేవాళ్ల లెక్కే.

ఇక మన రాష్ట్రం సంగతి. తాగుడు మీద ఇంత పెద్ద పోరాటం చేసిన రాష్ట్రం దేశంలో ఇంకోటి ఉందా అనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం అనే వయోజన విద్య తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారా నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ ఆడవాళ్లు అడిగింది దుకాణం మూయమని. వాళ్ల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. అయితే పాతికేళ్లుగా తాగుతున్న శరీరానికి ఒక్కసారిగా మందు ఆగిపోతే ఏమవుతుందో చూడాల్సింది ప్రభుత్వం. ఆఖరిసారి తాగిన రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మనిషిని గుర్తుపట్టలేని మతిభ్రమ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. నిషేధం నాటి చర్చంతా ఆదాయం, దొంగరవాణా, నాటుసారా చుట్టూ తిరిగింది. ఎన్ని పడకలు కావాలన్నది రాజకీయ ప్రశ్న కాలేదు.

2019లో మళ్లీ దశలవారీ నిషేధం అన్నారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి షాపులు ప్రభుత్వ కార్పొరేషన్ చేతికి వెళ్లాయి. 4,380 షాపులు మొదట 3,500కు, తర్వాత 2,934కు తగ్గాయి. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఅడిక్షన్ కేంద్రాలు కూడా తెరిచారు, అది మంచి మార్పు. ఆ వెంటనే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షాపులన్నీ ఒక్క రోజులో మూతపడ్డాయి. మే 4న తెరిచాక రెండు రోజుల్లోనే ధరలు మొత్తం 75 శాతం పెంచారు. జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు అత్త మా ఇంట్లో ఉంది. ‘అక్కడ మీ మావయ్య లాంటోళ్లే ఉండుంటారు’ అంది. 2024 అక్టోబరు 16 నుంచి ఆ ప్రభుత్వ షాపుల స్థానంలో 3,396 ప్రైవేటు షాపులు వచ్చాయి.

ఈ షాపుల సంఖ్య ఇంత ఖచ్చితంగా ఎలా రాయగలుగుతున్నానో చూడండి. ప్రతి సీసా మూత మీదా హోలోగ్రామ్ ఉంటుంది. అది ఏ డిపోనుంచి ఏ షాపుకు వెళ్లిందో విజయవాడలో కూర్చుని చెప్పగలరు. పన్ను వచ్చే సరుకు కాబట్టి ఆ జాగ్రత్త. ఈ లెక్క చూసే శాఖ పేరు మద్యపాన నిషేధ, ఆబ్కారీ శాఖ. పేరులో ఉన్న రెండు పనుల్లో రెండోదానికే లెక్కలు కుదిరాయి.

బయటి దేశాల్లో ఇది ఎలా జరుగుతుందో చెప్పాలి. ఇంగ్లండ్‌లో చికిత్స కేంద్రాలు ప్రతినెలా తమ దగ్గరికి వచ్చినవారి వివరాలు జాతీయ వ్యవస్థకు పంపుతాయి. పూర్తి పేరు పంపరు. పేరులోని పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది చాలు. ఒకే మనిషి మూడు చోట్లకు వెళ్లినా ఒక్కడిగానే లెక్కకు వస్తాడు. గత 28 రోజుల్లో ఎన్ని రోజులు తాగారని మధ్యమధ్యలో అడుగుతారు. బాగై వెళ్లాడా, మధ్యలో మానేశాడా, చనిపోయాడా అన్నది కూడా రాస్తారు. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు అక్కడ 3,10,863 మంది పెద్దవాళ్లు మద్యం, మత్తుమందుల చికిత్స సేవల్లో ఉన్నారు. ఇంత లెక్క రాసే చోట కూడా మద్యానికి బానిసలైనవారిలో ఎక్కువమంది చికిత్సకు రావడం లేదు. కానీ రానివాళ్లు ఎందరో వాళ్లకు ఏటా తెలుస్తుంది.

అమెరికా కథ మనకు హెచ్చరిక. 1970ల్లో కేంద్రం డబ్బు తీసుకునే సెంటర్లన్నీ రోగుల వివరాలు పంపాలన్న నియమం ఉండేది. 1981లో నిధులు ఇచ్చే పద్ధతి మార్చి రాష్ట్రాలకు గంపగుత్తగా ఇవ్వడంతో ఆ నియమం పోయింది, లెక్క కూడా పోయింది. మళ్లీ జాతీయ స్థాయిలో ఒక పద్ధతి నిలబడటానికి దాదాపు పదేళ్లు పట్టింది. అయినా అక్కడ లెక్కించేది మనుషులను కాదు, అడ్మిషన్లను. మావయ్య అక్కడ ఉంటే ఒకడికి మించి లెక్కకు వచ్చేవాడు.

మన దగ్గర లెక్కకు రాని చికిత్స ఎంత ఉందో గుంటూరు జిల్లాలో ఏ ఊరు వెళ్లినా చెబుతారు. ఆకు పసరు పోయించుకున్నవాళ్లు ఉన్నారు. మాల వేసుకుని నలభై రోజులు మానేసి, మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. తాగే మనిషికి తెలియకుండా సాంబారులో మాత్ర కలిపే భార్యలున్నారు. ఆ మాత్ర పొట్టలో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇక గంజాయి అలవాటైన పిల్లాడి తల్లిదండ్రులకైతే పోలీసు భయం. చికిత్సకు తనంతట తాను వచ్చే బానిసకు కొన్ని షరతులతో కేసునుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. ఈ మాట ఆసుపత్రి గోడల మీద పెద్దక్షరాలతో రాయాలని నా కోరిక. కేంద్రం నడిపే 14446 హెల్ప్‌లైన్ నంబరు కూడా దాని పక్కనే.

మావయ్య మందు ముట్టి ఇప్పటికి మూడేళ్లు దాటింది. నాలుగు నెలలు మందులు వాడాక ఆసుపత్రికి వెళ్లడం మానేశాడు, బాగున్నాడు కాబట్టి. ఆయనతోపాటు అదే ఓపీలో చూపించుకున్న మా వీధి ఆయన కూడా ఆ నెలలోనే వెళ్లడం మానేశాడు, మళ్లీ తాగడం మొదలుపెట్టాడు కాబట్టి. ఇద్దరి చీటీలూ నేను చూశాను. రెండిటి మీదా ఆఖరి తేదీ కింద ఖాళీగానే ఉంది.