ఒకటి, రెండో తరగతి పిల్లలకు ధర్మాబాద్ తాత ఉత్తరం

పిల్లలూ,

ఈ ఉత్తరం సొంతంగా చదవగలిగేవాళ్లు మీలో తక్కువే ఉంటారు, ఎందుకంటే మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ బడిలో దిద్దేది మరాఠీ అక్షరాలు. అమ్మనో నాన్ననో చదివి వినిపించమనండి, వాళ్లకూ రాకపోతే నానమ్మను పట్టుకోండి.

"ఒకటో తరగతిలో ఏముంటుందిలే, నాలుగు అక్షరాలేగా" అని పెద్దవాళ్లు అంటుంటారు. నేనైతే ఒప్పుకోను. మనిషి మొత్తం చదువులో అన్నిటికంటే కష్టమైన పని ఆ రెండేళ్లలోనే జరుగుతుంది, అందులోనూ మీరు దాన్ని రెండు భాషల మధ్య చేస్తున్నారు.

మీలో చాలామందికి బాసరలో అక్షరాభ్యాసం చేయించి ఉంటారు. అక్కడ పంతులుగారు వేలు పట్టుకుని తెలుగులో రాయించారు, జూన్‌లో జిల్లా పరిషత్ మరాఠీ బడికి పోతే బాయి (టీచరమ్మ) బోర్డు మీద ఇంకో రకం 'అ' రాసింది. ఆకారం వేరు గానీ లోపల లెక్క ఒకటే. అ ఆ ఇ ఈ అదే వరస, క ఖ గ ఘ అదే వరస. మన గుణింతమే వాళ్ల బారాఖడి. తేడా ఎక్కడంటే, వాళ్లకు 'కె', 'కే' రెండూ వేరువేరుగా లేవు, 'కొ', 'కో' కూడా అంతే. మనకు మెడ వేరు, మేడ వేరు కదా, బారాఖడిలో ఆ రెంటికీ ఒకటే గుర్తు. అందుకే మీరు తెలుగు మాటను మరాఠీ అక్షరాల్లో రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు. ఇంకోటి, హిందీ అక్షరమాలలో లేని 'ళ' మరాఠీకీ మనకూ ఉంది. 'ఫళ్' అనడానికి, 'బాళ్' అనడానికి మీకు నాలుక తిప్పలు ఉండవు, నీళ్లు, కళ్లు అంటూ ఇంట్లో పలుకుతున్నదే.

అయితే 'ఫళ్' అని గట్టిగా చదివేసి, అది పండు అని తెలియకపోతే అది చదివినట్టు కాదు. అర్థం కాని మాట వస్తే చెయ్యెత్తి "బాయీ, మ్హణజే కాయ్?" (అంటే ఏమిటి?) అని అడగండి. ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఒకటో తరగతిలో నేర్చుకోవాల్సిన వాటిలో ఈ అడగడాన్నే నేను మొదట పెడతాను, పుస్తకంలో దానికి పాఠం లేకపోయినా.

ఈ మాట మీ అమ్మానాన్నలకు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం పెట్టింది. పిల్లలు మూడో తరగతి అయ్యేసరికి చదవడం, లెక్కలు పునాది దాకా రావాలని దాని ఉద్దేశం. ఒకటో తరగతిలో నాలుగైదు తేలిక మాటల వాక్యం, రెండులో నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడులో కనీసం 60 అని లక్ష్యాలు రాశారు. అర్థం చేసుకుంటూ అన్నది కూడా అందులోనే ఉంది గానీ ఇళ్లల్లో కొందరు ఆ అంకె ఒక్కటే పట్టుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి పిల్లల్ని పరుగెత్తిస్తున్నారు. ఎందుకయ్యా ఆ టెన్షన్.

ఇక లెక్కలు. మీకు అసలు చిక్కు ఇక్కడే. తెలుగులో 47ను నలభై ఏడు అంటాం, ముందు నలభై, తర్వాత ఏడు, రాసేదీ అదే వరసలో. మరాఠీలో 'సత్తేచాళీస్' అంటారు, ఏడు ముందు వినిపిస్తుంది, నలభై వెనక వస్తుంది. విన్నది విన్నట్టు రాస్తే 74 అవుతుంది. మీలో ఎంతమంది అలా రాసి తప్పు వేయించుకున్నారో నాకు తెలుసులెండి. 29 ఇంకా తమాషా. 'ఏకోణతీస్' అంటే ముప్పైకి ఒకటి తక్కువ. వినేది ముప్పై, రాయాల్సింది రెండు పక్కన తొమ్మిది! ఈ గజిబిజి మరాఠీ ఇళ్ల పిల్లలకూ ఉంది. అందుకే 2019లో మహారాష్ట్ర బడి పుస్తకాలు వేసే బాలభారతి వాళ్లు రెండో తరగతి లెక్కల పుస్తకంలో 21ని 'ఏకవీస్' బదులు 'వీస్ ఏక్' అని చదివే పద్ధతి తెచ్చారు. రాష్ట్రమంతా పెద్ద గొడవైంది, భాషను పాడుచేస్తున్నారని. ఆ లెక్కల కమిటీకి పెద్ద మంగళా నార్లీకర్ అనే గణిత పండితురాలు, ఆమె ఆ మార్పును గట్టిగానే సమర్థించారు. 'వీస్ ఏక్' అంటే మన ఇరవై ఒకటే కదా! అంటే మీరు ఇంట్లో నేర్చుకున్న లెక్క అడ్డం కాదు, పదులు, ఒకట్లు విడదీయడానికి అదే పనికొస్తుంది. సత్తేచాళీస్ అని వినగానే మనసులో నలభై ఏడు అనుకోండి, అప్పుడు రాయండి. కొన్నాళ్లకు ఆ మధ్యలో అనుకోవడం కూడా దానంతటదే పోతుంది.

ఎక్కాలు మాత్రం బడి భాషలోనే కంఠతా పట్టండి. "బే ఏకే బే, బే దుణే చార్" (రెండొకట్ల రెండు, రెండ్రెళ్లు నాలుగు) అని అందరితో కలిసి అరవడంలో ఒక ఊపు ఉంది, మామూలుగా 'దోన్' అనే రెండు అక్కడ 'బే' ఎందుకైందని ఇప్పుడు బెంగ పెట్టుకోకండి.

భాషలు కలగలవడం మన దగ్గర కొత్త కాదు. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, ఆ ఏడు బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. మా పెద్దవాళ్లలో ఉర్దూ చదివి, మరాఠీలో బేరమాడి, తెలుగులో తిట్టుకున్నవాళ్లు బోలెడుమంది. ఎవరికీ బుర్ర చెడలేదు.

మిగతావి మీకు చెప్పక్కర్లేదు. లైన్లో నిలబడటం, ఖిచిడీ పళ్లెం కడగడం, పక్కవాడి రబ్బరు అడిగి తీసుకుని తిరిగి ఇవ్వడం (ఇవ్వడం మరిచిపోవద్దు).

నిపుణ్ లెక్క ప్రకారం ఒకటిలో 99 దాకా, రెండులో 999 దాకా, మూడులో 9999 దాకా అంకెలు చదవాలి. కాబట్టి మన ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌కు వచ్చినప్పుడు బోర్డులు చదవడం మొదలుపెట్టండి. క్వింటాల్ ధర పదివేలు దాటిన రోజున మాత్రం పై తరగతి వాళ్లను పిలవాల్సిందే.

ఇట్లు
మీ తాత