మూడున్నర టన్నుల సీసం

తెప్పోత్సవం చూపిద్దామని ఒక ఫాల్గుణ మాసంలో మా మేనల్లుణ్ణి తిరుమల తీసుకెళ్ళాను. పుష్కరిణి మెట్ల మీద జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. దీపాల తెప్ప నీళ్ళ మీద మెల్లగా చుట్టు తిరుగుతోంది. అందరూ స్వామిని చూస్తుంటే వాడు తెప్ప అడుగు చూస్తున్నాడు.

"మామా, గాలొస్తే ఇది బోర్లా పడదా?"

"పడదురా."

"మరి సముద్రంలో తెరచాప పడవలు పడతాయంటారే?"

గోవింద నామాల హోరులో దానికి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చాక బకెట్ నిండా నీళ్ళు పట్టి చూపించాను. ముందు ఒక థర్మాకోల్ ప్లేటు వేశాం. దాని అంచును వేలితో నొక్కితే గట్టిగా ఎదురు తన్నుతుంది. వాలిన వైపు ఎక్కువ భాగం నీళ్ళలోకి దిగుతుంది, దాన్ని నీళ్ళు పైకి నెడతాయి. వెడల్పు ఎంత ఉంటే ఆ నెట్టుడు అంత బలం. తెప్ప నిలకడ రహస్యం ఇదే. తర్వాత ప్లేటును తిరగేసి వదిలాను. బోర్లా కూడా అంతే హాయిగా తేలింది. తిరిగి లేచే ప్రయత్నమే చేయలేదు.

తర్వాత తలనూనె ఖాళీ సీసా. మూత బిగించి, ఒక పక్కన రెండు ఐదు రూపాయల బిళ్ళలు టేపుతో అతికించాం. ఇది ప్లేటులా మొండికెయ్యదు, వేలు తగిలితే చాలు, దొర్లుతుంది. కానీ బిళ్ళలు పైకొచ్చేలా తిప్పి వదలగానే గిర్రున తిరిగి బిళ్ళల్ని అడుగుకు తెచ్చుకుంది. వాడు పదిసార్లు తిప్పాడు, పదిసార్లూ అంతే. తంజావూరు బొమ్మ సూత్రమే.

నెలల తరబడి ఇద్దరు ముగ్గురు బతుకుతూ సముద్రాలు దాటే మధ్యరకం తెరచాప పడవలో ఈ ప్లేటూ ఉంటుంది, సీసా కూడా ఉంటుంది. ఏది ఎంత పాళ్ళలో ఉండాలన్నదే డిజైనర్‌కు తలనొప్పి. రస్ట్‌లర్ 36 అనే బ్రిటిష్ పడవను చూడండి. 1980లో వచ్చిన డిజైన్. పొడవు 10.8 మీటర్లు, వెడల్పు 3.4 మీటర్లు, బరువు సుమారు 7.6 టన్నులు. అందులో 3.4 టన్నులకు పైగా, అంటే దాదాపు సగం, అడుగున కీల్‌లో ఉన్న సీసమే. కీల్ అంటే పడవ పొట్ట కింద నీళ్ళలోకి దిగే రెక్క. సగం బరువు ఊరికే మోస్తోందని అనిపిస్తుంది. ఆ ఊరికే మోసే బరువే సీసాకు అతికించిన ఐదు రూపాయల బిళ్ళ.

కీల్‌కు రెండో పని కూడా ఉంది. గాలి తెరచాపను పక్కకు నెడుతుంది, కీల్ నీళ్ళలో అడ్డం నిలబడి పక్కకు పోనివ్వదు. మన చిత్తూరు వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రసం కారే మామిడి టెంకను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఏమవుతుంది? నొక్కేది పక్కల నుంచి, అది ఎగిరిపోయేది ముందుకు. గాలీ నీళ్ళూ ఆ రెండు వేళ్ళు, పడవ టెంక.

అయినా గాలికి సూటిగా ఎదురెళ్ళడం ఏ తెరచాప వల్లా కాదు. సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోవాలి. అలిపిరి మెట్ల దారి సూటిగా ఎక్కుతుంది. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఇప్పుడు మనం అందులో దిగడమే తప్ప ఎక్కడం లేదు గానీ, ఒకప్పుడు బస్సులు ఆ మలుపుల్లోనే మూలుగుతూ ఎక్కేవి. గాలికి ఎదురెళ్ళే పడవది ఆ బస్సు దారి. పది కిలోమీటర్లు ముందుకు జరగాలంటే పద్నాలుగు తిరగాలి.

వేగం సంగతి చెబితే నవ్వొస్తుంది. పడవ కదిలితే ముందు ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు నీటిమట్టం దగ్గర పడవ పొడవుకు సమానమయ్యేసరికి, ముందొక అల, వెనకొక అల, మధ్య గుంటలో పడవ. ఇంకా వేగం కావాలంటే తాను లేపిన గట్టునే తాను ఎక్కాలి. రస్ట్‌లర్ నీటిమట్టం పొడవు 8.2 మీటర్లు. లెక్క కడితే హద్దు దాదాపు 7 నాట్లు, గంటకు 13 కిలోమీటర్లు. ఆ లెక్కన తిరుపతి నుంచి చిత్తూరుకు అయిదు గంటల పైమాటే, మన ఆటోవాళ్ళు జాలిపడతారు. కాకపోతే ఇది రాత్రీ పగలూ ఆగదు. పొడవైన పడవ కొంటే వేగం పెరుగుతుంది, దాంతోపాటే ఖర్చూ. తేలికగా, వెనకభాగం వెడల్పుగా కడితే వెనకగాలిలో కొంతసేపు అల మీద జారుతూ ఆ హద్దు దాటొచ్చు. కొత్త పడవలు చాలావరకు అలాగే వస్తున్నాయి. లోపల రెండు పడగ్గదులు ఎక్కువ పడతాయి, ఎగ్జిబిషన్‌లో చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. ఎదురు అలల్లో మాత్రం అడుగు దబదబా కొట్టుకుంటుందట. బరువైన పాత రకం అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది. ఇంజన్, నీళ్ళ ట్యాంకులు, వంట గది గురించి రాయను, కొనేవాళ్ళు చూసేది ఎలాగూ వాటినే.

వెడల్పుకు అసలు పరీక్ష తుపానులో. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలు, అందుకే గాలి ముదరకముందే తెరచాప కుదిస్తారు. కానీ పడవను బోర్లా వేసేది ఎక్కువగా గాలి కాదు, పక్క నుంచి విరుచుకుపడే అల. 1979లో ఇంగ్లండ్, ఐర్లండ్ సముద్రాల్లో ఫాస్ట్‌నెట్ పందెం జరిగింది. 303 పడవలు బయల్దేరాయి. తుపానులో 15 మంది నావికులు పోయారు. 24 పడవల్ని మనుషులు వదిలేసి వెళ్ళిపోయారు. వాటిలో 19 పడవలు తర్వాత తేలుతూ దొరికాయి.

ఆ పందెం తర్వాత వెడల్పునూ బరువునూ కలిపి ఒక లెక్క తయారుచేశారు. జవాబు 2 లోపు ఉంటే మంచిదంటారు. రస్ట్‌లర్‌కు దాదాపు 1.7 వస్తుంది. నాకు ఆ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. సీసం అడుగున పెట్టినా, తెరచాప కట్టే నిలువు కొయ్య చివర కట్టినా జవాబు అదే వస్తుంది మరి! అసలు చూడాల్సింది పడవ ఎన్ని డిగ్రీలు వాలేదాకా తిరిగి లేస్తుందన్నది. మంచి సముద్రపు పడవ 90 డిగ్రీలు, అంటే కొయ్య నీళ్ళకు తగిలేదాకా వాలినా, ఇంకా ముప్ఫై డిగ్రీలు పైన వాలినా లేస్తుంది. వెడల్పు బాగా ఎక్కువైతే ఆ హద్దు తగ్గుతుంది. ఒకసారి బోర్లా పడ్డాక అదే వెడల్పు దాన్ని బోర్లానే పట్టి ఉంచుతుంది, థర్మాకోల్ ప్లేటులా.

1968లో ఒంటరిగా ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాలని తొమ్మిది మంది బయల్దేరారు. పూర్తిచేసింది ఒక్క రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన పడవ సుహైలీ పొడవు 32 అడుగులు, కట్టింది మన బొంబాయిలో, టేకుతో. 312 రోజులు పట్టింది. అందరిలో వేగమైన పడవేమీ కాదు. యాభై ఏళ్ళకు, 2018లో, మన నౌకాదళానికి చెందిన అభిలాష్ టామీ అలాంటి పందెంలోనే, సుహైలీ నమూనాలో కట్టిన తురీయ అనే పడవ మీద పోతుండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను పట్టుకుంది. పడవ తిరగబడింది, కొయ్యలు విరిగాయి, ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలింది. కానీ పడవ మళ్ళీ లేచింది. మూడు రోజుల తర్వాత రక్షించేవాళ్ళు వచ్చేదాకా ఆయన్ని మోస్తూ తేలింది. 2022లో ఆయన మళ్ళీ అదే పందెంలోకి దిగాడు, ఈసారి రస్ట్‌లర్ 36తో. 236 రోజుల్లో చుట్టి వచ్చి రెండో స్థానంలో నిలిచాడు.

ఇదంతా విన్నాక మావాడు, "మన తిరుపతి జిల్లాక్కూడా సముద్రం వచ్చింది కదా మామా, ఒకటి తెచ్చుకుందాం" అన్నాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట మనలో కలిసి, పులికాట్ కూడా వచ్చింది, నిజమే. కానీ పులికాట్ సరస్సు సగటు లోతు దాదాపు ఒక మీటరే. రస్ట్‌లర్ కీల్ నీళ్ళలోకి 1.7 మీటర్లు దిగుతుంది. మూడున్నర టన్నుల సీసం నేరుగా బురదలో కూరుకుంటుంది. అక్కడి జాలర్ల పడవల అడుగు చదునుగానే ఉంటుంది, దాదాపు తెప్పలాగే.