కవరు మీది అంకె మీ సైజు కాదు: పాత కుట్టు ప్యాటర్న్‌ల గురించి అపోహలు, వాస్తవాలు

నేను బరంపురంలో కుట్టుపని నేర్పుతాను. ఇంగ్లండులోనో అమెరికాలోనో స్థిరపడిన పిల్లలు అక్కడి చారిటీ షాపుల్లో సింప్లిసిటీ, మెకాల్స్, బటరిక్ కంపెనీల పాత ప్యాటర్న్ (బట్ట మీద పరిచి కత్తిరించుకునే కాగితపు నమూనా ముక్కలు) కవర్లను చవకగా కొని అమ్మకో అత్తకో పంపడం ఈ మధ్య ఎక్కువైంది. వాటి చుట్టూ అల్లుకున్న అపోహల్లో ఒకటి ఖరీదైన బట్టను నేలపాలు చేస్తోంది కనుక, ముందుగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: కవరు మీద 14 అని ఉంటే, రెడీమేడ్‌లో 14 వేసుకునే అమ్మాయికి అది సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. 1967-68కి ముందు పదేళ్ళలో అచ్చయిన అమెరికా ప్యాటర్న్‌లలో 14 అంటే ఛాతీ 34 అంగుళాలు. ఆ తరువాత కంపెనీలు కొలతలను సవరించి దానిని 36 చేశాయి. అప్పటి కవర్ల మీద ‘న్యూ సైజింగ్’ అన్న మాట కనిపిస్తుంది. సింప్లిసిటీ ప్యాటర్న్‌లలో నేటికీ 14 అంటే 36 అంగుళాలే. రెడీమేడ్ తయారీదారులు మాత్రం అంకెను అలాగే ఉంచి కొలతను పెంచుకుంటూ పోయారు. బ్రిటన్‌లో ఇప్పుడు 14 వేసుకునే అమ్మాయి ఛాతీ, కంపెనీని బట్టి, 38 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి అంకెను పక్కన పెట్టి, కవరు మీద అంగుళాల్లో ముద్రించిన ఛాతీ, నడుము, హిప్ కొలతలనే చూడాలి.

మన అలవాటు వల్ల ఇందులో మరో చిక్కు వస్తుంది. మనం ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకునేవాళ్ళం. ఆదిలో ఉన్నది కుట్టిన బట్ట కొలత. కవరు మీద ఉన్నది ఒంటి కొలత, దానికి తగిన లూజు ప్యాటర్న్ ముక్కల్లో ముందే కలిపి ఉంటుంది. ఆదిని కొలిచి, ఆ కొలతకు సరిపోయే కవరును ఎంచుకుంటే లూజు రెండుసార్లు చేరి, భుజాలు జారిపోయే గౌను తయారవుతుంది. టేపు ఒంటికే పట్టాలి.

బడా బజారు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మనవరాలి గౌను కోసం మన బరంపురం పట్టు కొని, బట్టకు కత్తెర పెట్టే ధైర్యం లేక ఇంట్లోనే దాచుకున్నారు. పాత ప్యాటర్న్‌లన్నీ పెద్దవనీ, రెండంగుళాలు తగ్గించి కత్తిరించాలనీ ఎవరో వీడియోలో చెప్పారట. ఇలాంటి గాలిమాటలు వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. చెప్పినవాళ్ళకు పోయేదేమీ ఉండదు, బట్ట మాత్రం ఆవిడది. ఆవిడ భయం అర్థం చేసుకోదగినదే. ఆ అమ్మాయి ఛాతీ 36, కవరు మీద 34. పాత పంచె మీద ముందుగా కత్తిరించి కచ్చాకుట్టు వేయించాను. భుజం సరిగ్గా కుదిరింది, ఛాతీ మాత్రం బిగిసింది. ముందు, వెనుక ముక్కల పక్క అంచులు నాలుగింటికీ అరంగుళం చొప్పున పెంచి, చేతి ముక్క చంక కుట్టు దగ్గర కూడా అంతే కలిపిన తరువాతే పట్టు మీద కత్తెర పెట్టాము. తగ్గించి ఉంటే ఆ పట్టు ఇక దేనికీ పనికివచ్చేది కాదు.

మిగిలిన అపోహలను క్లుప్తంగానే చెబుతాను.

గీతలు లేకుండా రంధ్రాలే ఉన్న పలుచని కాగితం లోపమున్న సరుకు కాదు. మరీ పాత ప్యాటర్న్‌లలో డాట్లు (ఒంటికి అమరేలా వేసే కుట్టు మడతలు), బట్ట నిలువు పోగు దిశ అన్నీ రంధ్రాలతోనే సూచించేవారు.

మార్జిన్, అంటే కుట్టు కోసం అంచున వదిలే బట్ట, అన్నిటిలోనూ కలిపి ఉంటుందనుకోవద్దు. అమెరికా కంపెనీల ప్యాటర్న్‌లలో సాధారణంగా 5/8 అంగుళం కలిపి ఉంటుంది. జర్మనీ పత్రిక బుర్డా షీట్లలో మార్జిన్‌ను మనమే వదులుకోవాలి.

పాత కవరు ప్రతిదీ వేల రూపాయలు పలకదు. సేకర్తలు కోరేది కత్తిరించని, కంపెనీ మడత విప్పని వాటినే. విప్పిన కవరైతే సూచనల కాగితంలోని బొమ్మలతో ముక్కలను సరిచూసి, అసలు కాగితాన్ని కత్తిరించకుండా మరో కాగితం మీదికి ఎత్తిరాసుకోవాలి.

పాత దారం గట్టిదన్న మాటను నమ్మి కుట్టవద్దు. ఏళ్ళ తరబడి వెలుతురు, తేమ తగిలిన నూలు దారం పెళుసవుతుంది. రెండు చేతులతో గుంజితే పుటుక్కున తెగే రీలును కచ్చాకుట్లకు ఉంచుకోండి. సాగి బిగుతు పోయిన పాత ఎలాస్టిక్ దేనికీ పనికిరాదు.