పాత బుల్లెట్‌కి మెడ దగ్గరే రెండు జబ్బులు

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న: "మా నాన్నగారి కాలం నాటి బుల్లెట్ 350 ఉంది. హెడ్‌లైటు మసకగా వెలుగుతుంది, హ్యాండిల్ తిప్పితే మినుకుమంటుంది. బ్యాటరీ కొత్తది. బల్బూ మార్చాను. మీటరు పెట్టి చూసిన వాళ్లంతా పన్నెండు వోల్టులూ వస్తున్నాయనే అంటున్నారు. పైగా ట్రాఫిక్‌లో మెల్లగా నడుపుతుంటే బండి వంకర్లు పోతోంది. ఈ రెంటికీ ఏమైనా సంబంధం ఉందా?"

ఉంది. రెండు జబ్బులూ హ్యాండిల్ తిరిగే మెడ దగ్గరే ఉన్నాయి. అయితే ముందుగా ఆ "పన్నెండు వోల్టులూ వస్తున్నాయి" అన్న మాట సంగతి తేల్చాలి. పాత బళ్ల వైరింగులో సగం డబ్బు వృథా అయ్యేది ఆ మాట దగ్గరే.

బల్బు తీసేసి హోల్డర్‌లో మీటరు ముళ్లు పెట్టి చూస్తారు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు కోటి ఓమ్‌లు. దాని గుండా పారే కరెంటు ఆంపియర్‌లో పది లక్షల వంతు. అంత సన్నని ధారకి దారిలో వెయ్యి ఓమ్‌ల తుప్పు అడ్డం ఉన్నా పోయేది వోల్టులో వెయ్యో వంతే. ఇరవై పోగుల వైరులో పందొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు నిండుగా 12.6 చూపిస్తుంది. మీటరుని కంటిన్యుటీలో, అంటే దారి తెగిందో లేదో చెప్పే అమరికలో పెట్టి "కుయ్" మనిపించడమూ అంతే. ముప్పై ఓమ్‌లు ఉన్నా చాలా మీటర్లు కూస్తాయి. మన బండిని పాడు చేయడానికి అర ఓమ్ చాలు.

కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. తూములన్నీ మూసి ఉన్నప్పుడు కాలువలో నీరు తల దగ్గర ఎంత మట్టంలో ఉంటే శివారులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. మధ్యలో పూడిక, గుర్రపుడెక్క ఎంత ఉన్నా బయటపడదు. తూములెత్తి నీరు పారడం మొదలయ్యాకే శివారు రైతు చేను ఎండుతుంది. బల్బు తీసి వోల్టులు చూడడమంటే తూములు మూసి శివారులో నీటి మట్టం కొలవడమే. ఇంకో సంగతి ఉంది. చేనుకి నీరు వచ్చే కాలువ ఎంత ముఖ్యమో, డెల్టాలో నీరు బయటికి పోయే మురుగు కాలువా అంతే ముఖ్యం. అది పూడితే పై నుంచి నీరు దిగదు. బండిలో ఆ మురుగు కాలువే ఎర్త్, అంటే కరెంటు బల్బు నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. మన మెకానిక్కులు ప్లస్ వైరుని తల నుంచి చివరి దాకా వెతుకుతారు గానీ, ఎర్త్ దారిని కొలిచేవాళ్లు అరుదు.

లెక్క కట్టి చూద్దాం. 60 వాట్ల హై బీమ్ 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి 0.023 ఓమ్. పోను రాను మూడు మీటర్లనుకుంటే మొత్తం 0.07 ఓమ్, పోయేది మూడో వంతు వోల్టు. అంటే వైరు పెద్ద దోషి కాదు. ఇప్పుడు అతుకులన్నిటిలో కలిపి 0.4 ఓమ్ చేరిందనుకోండి. బల్బుకి చేరేది సుమారు 10.2 వోల్టులు. పోయింది ఆరో వంతు కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. కాబట్టి మిగిలే వెలుగు 57 శాతం దగ్గర. పోయిన శక్తి ఊరికే పోదు. ఆ అతుకుల దగ్గర 8 వాట్ల వేడిగా మారుతుంది. వేడికి వైరు కొసనుండే ఇత్తడి బిళ్ల, అంటే లగ్గు, పట్టు సడలుతుంది, తుప్పు పెరుగుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. గోధుమ రంగుకి మాడిన ప్లాస్టిక్ కనెక్టరు కనబడితే వైరింగు అసలు రోగం అక్కడుందని నమ్మొచ్చు.

పదో తరగతి పుస్తకంలో సర్క్యూట్ బొమ్మ గీసినప్పుడు వైర్ల నిరోధం సున్నా అనుకుంటారు. లెక్క తేలిగ్గా రావాలని. ఒక తుప్పు పట్టిన అతుకుని కూడా బొమ్మలో నిరోధంగా గీసి నేర్పితే, ఓమ్ నియమం పరీక్షతో మరిచిపోయేది కాకుండా చేతికి అందే పనిముట్టు అవుతుంది.

సరైన పరీక్ష బల్బు వెలుగుతుండగానే చేయాలి. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఇంజను ఆపి, హై బీమ్ వేసి, ముందు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య చూడండి. 12.3 ఉందనుకుందాం. తర్వాత బల్బు వెనక హోల్డర్ లగ్గుల మధ్య. అక్కడ 10.5 ఉంటే దారిలో 1.8 పోయింది. ఇప్పుడు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ లగ్గు మీద పెట్టండి. వచ్చిన అంకె ప్లస్ దారిలో నష్టం. ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది బల్బు ఎర్త్ లగ్గు మీద పెడితే ఎర్త్ దారిలో నష్టం. ఈ రెండూ కలిపితే 1.8 రావాలి. ప్లస్ వైపు అర వోల్టు దాటితే ఫ్యూజు హోల్డర్, తాళం స్విచ్, లైటు స్విచ్, డిప్పర్ స్విచ్, ఒక్కొక్కదాని ఈ చివరా ఆ చివరా ముళ్లు పెట్టి చూడండి. ఏ ఒక్క చోటా 0.1 దాటకూడదు. ఎర్త్ వైపు మొత్తం కలిపి 0.2 లోపు ఉండాలి. రెండు జాగ్రత్తలు. కొన్ని పాత బ్రిటిష్ బళ్లలో బాడీకి కలిపేది మైనస్ కాదు, ప్లస్. హీరో హోండా సీడీ 100, పాత స్ప్లెండర్ లాంటి వాటిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలగదు, మ్యాగ్నెట్ కాయిల్ ఇచ్చే ఏసీ మీద వెలుగుతుంది. వాటిని ఇంజను నడుస్తుండగా, మీటరు ఏసీలో పెట్టి కొలవాలి. ఐడ్లింగులో వాటి లైటు మందగించడం రోగం కాదు.

ఇక మెడ దగ్గరికి. పాత బండిలో హెడ్‌లైటు ఎర్త్ చాలాసార్లు దాని చిప్పకే ఉంటుంది. చిప్ప ఫోర్కుల పైనున్న పోత లోహపు భాగానికి బిగించి ఉంటుంది. ఆ పోత నుంచి ఛాసిస్‌కి కరెంటు ఎలా వెళ్లాలి? హ్యాండిల్ తిరిగే కోన్ సెట్ గుండా, అంటే గ్రీజులో మునిగిన ఉక్కు గోళీల గుండా. గ్రీజు కరెంటుని పారనివ్వదు. గోళీ, అది దొర్లే రేసు అనే ఉక్కు గిన్నె ఇనుముకి ఇనుము తగిలినప్పుడే దారి దొరుకుతుంది. హ్యాండిల్ కదిలినప్పుడల్లా ఆ తాకిడి తెగి అతుక్కుంటుంది, లైటు మినుకుమంటుంది. నిర్ధారణకి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది హెడ్‌లైటు చిప్ప మీద రంగు లేని చోట ఆనించి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. అంకె 0.2 నుంచి వోల్టు దాకా ఎగిరితే అనుమానం అక్కర్లేదు. హారన్ కూడా హ్యాండిల్ తిప్పినప్పుడు గొంతు మారుస్తుంటే అదీ ఇదే సాక్ష్యం.

చికిత్స చవక. 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు ఒకటి, బల్బు ఎర్త్ లగ్గు నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి. హ్యాండిల్ రెండు పక్కలా ఆఖరి దాకా తిరిగినా లాగుకోకుండా కాస్త వదులు ఉంచాలి. ఛాసిస్‌కి కలిపే ఎర్త్ లగ్గుల దగ్గర రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాసెలిన్ పూయాలి. మెడ దగ్గర వైరింగ్ కిట్ వేలసార్లు వంగుతుంది కాబట్టి పై తొడుగు బాగానే ఉండి లోపల పోగులు తెగుతాయి. వేళ్లతో ఒక్కో వైరుని మెల్లగా లాగి చూస్తే తెగినది రబ్బరులా సాగుతుంది. ప్లస్ వైపు పాత స్విచ్‌ల మీద భారం తగ్గించాలంటే నాలుగు పిన్నుల రిలే పెట్టండి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ అది. 30 పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజుతో వైరు, 87 నుంచి బల్బుకి, 85 ఎర్త్‌కి, 86 పాత హై బీమ్ వైరుకి. లో బీమ్‌కి ఇంకో రిలే. అప్పుడు స్విచ్ మోసేది 5 ఆంపియర్లు కాదు, రిలే కాయిల్‌కి చాలిన 0.2 లోపే.

పాయింట్లు (ఇగ్నిషన్ కాయిల్ కరెంటుని కలిపి తెంచే కాంటాక్టులు), బ్యాటరీ ఇగ్నిషన్ ఉన్న బుల్లెట్ కిక్కుకి అందుకోకపోతే తాళం స్విచ్ నష్టం తప్పక కొలవండి. కాయిల్‌లో నిలవ ఉండే శక్తి కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది. కరెంటు 10 శాతం తగ్గితే నిప్పురవ్వ శక్తి 19 శాతం తగ్గుతుంది.

బల్బులు పదేపదే పోతుంటే కథ వేరు. ఇంజను రేజ్ చేసి బ్యాటరీ దగ్గర చూడండి. 13.8 నుంచి 14.4 దాకా సరే. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్) పోయింది, లేదా దాని ఎర్త్ చెడింది. 10 శాతం ఎక్కువ వోల్టేజీ బల్బు ఆయుష్షుని మూడో వంతుకి తగ్గించగలదు. అలాంటి బండిని కలిసిరాలేదని అమ్మేసుకుంటారు. దోషం జాతకంలో లేదు, ఆ యూనిట్ బోల్టు కింద తుప్పులో ఉంది. ఇంకో మాట. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాలనుకుంటే లెగ్ గార్డుకి కట్టండి, హెడ్‌లైటు కింద వద్దు. పులుపు కారి హారన్ లగ్గుల మీద పడితే రాగి పచ్చబడుతుంది. దసరాకి బండి కడిగినా స్విచ్‌ల మీద నేరుగా నీళ్లు కొట్టకండి.

వంకర్లు పోవడానికి కారణమూ ఆ కోన్ సెట్టే. అయితే అది కరెంటు చేసిన పాడు కాదు, గుంతలు చేసింది. బండి ఎక్కువసేపు నేరుగానే వెళ్తుంది కాబట్టి దెబ్బలన్నీ గోళీలు అవే చోట్ల మోస్తాయి. గ్రీజు పక్కకి జరిగిపోతుంది, రేసులో సన్నని గుంటలు పడతాయి. కింది రేసు బరువంతా మోస్తుంది కనుక అది ముందు పాడవుతుంది. ముందు బ్రేకు వేసినప్పుడు పొడవాటి ఫోర్కు మీటలా పనిచేసి నేల దగ్గరి బలాన్ని మెడ దగ్గర కొన్ని రెట్లు చేస్తుంది. గుంటలు పడ్డాక హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు గోళీలు వాటిలో కూర్చుంటాయి. మోటారు సైకిలు నిలబడేది మనకి తెలియకుండా చేసే చిన్నచిన్న తిప్పుళ్ల వల్ల. బండి ఎటు ఒరిగితే చక్రం అటు కాస్త తిరగాలి. గుంట దాన్ని ఆపుతుంది. మనం ఇంకాస్త బలం పెడతాం. గోళీ ఒక్కసారిగా బయటికొస్తుంది, చక్రం కావలసిన దానికంటే ఎక్కువ తిరుగుతుంది. వెంటనే ఎదురు వైపు దిద్దుతాం. గంటకి 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఇది వంకరగా కనిపిస్తుంది. కోన్ అతిగా బిగించినా ఇదే వస్తుంది. బ్రేకు వేస్తే "టక్" మంటోందని బిగించేసిన బండి మర్నాటి నుంచి వంకర్లు పోవడానికి కారణం అదే.

సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్క పెట్టి ముందు చక్రం లేపండి. వేలితో హ్యాండిల్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పండి. మధ్యలో పట్టినట్టు ఆగితే రేసులు పోయాయి. ఫోర్కుల అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే "టక్" మంటే వదులు. కేబుళ్లు లాగకుండా చూసుకుని కాస్త తోస్తే హ్యాండిల్ తన బరువుకి తానే పక్కకి పడాలి, ఊపితే వదులు తెలియకూడదు. అదే సరైన బిగింపు. గుంటలు పడితే గోళీలు ఒక్కటే మార్చడం వృథా. పై రేసులు, కింది రేసులు, గోళీలు కలిపి మార్చాలి. విప్పేటప్పుడు గోళీలు పైన ఎన్ని, కింద ఎన్ని లెక్కపెట్టండి. టేపర్ రోలర్ సెట్ దొరికితే ఇంకా మేలు. గోళీ ఒక బిందువు మీద మోసే భారాన్ని రోలర్ ఒక గీత మీద మోస్తుంది. కొత్త రేసులు 500 కిలోమీటర్లలో కుదురుకుంటాయి, అప్పుడు మళ్లీ బిగింపు చూడాలి.

కోన్ సెట్ బాగుండి వేగంలో వెనక భాగం ఊగితే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూడండి. వెనక చక్రం పక్కకి తోస్తే కదలిక ఇరుసు దగ్గర కాక స్వింగ్ ఆర్మ్ మొదట్లో తెలుస్తుంది. ఒక పక్కకి లాగితే చైను గుర్తుల్ని నమ్మకుండా, వెనక టైరు చుట్టూ తాడు వేసి రెండు పక్కలా ముందు చక్రం దాకా చాచి చూడండి, చక్రం రెండు తాళ్లకీ సమదూరంలో ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం తయారీ. గాడులు లోతుగా ఉన్నా అంత పాతబడిన రబ్బరు తడి రోడ్డు మీద సరిగా పట్టదు.

కోన్ సెట్ మార్చే రోజే ఎర్త్ వైరూ వేయించండి. ట్యాంకు, హెడ్‌లైటు ఎలాగూ ఊడదీస్తారు. కొత్త గ్రీజు నిండుగా పెట్టాక గోళీల గుండా కరెంటు దారి ఇంకా సన్నబడుతుంది. వైరు వేయకపోతే కొత్త కోన్ సెట్‌తో బండి నేరుగా నడుస్తుంది గానీ లైటు మునుపటికంటే ఎక్కువ మినుకుమంటుంది.